కొయ్యకు మెరుగు, మాటకు మర్యాద

ఈ సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున విద్యార్థుల చేతిపనుల ప్రదర్శనము జరిగినప్పుడు, చూడవచ్చిన తల్లిదండ్రులలో పెక్కుమంది ఒక పెద్ద కొయ్యపెట్టె యొద్ద చాలసేపు నిలిచిరి. దానిని చేసినవారు మా విద్యార్థులిద్దరు. పదవ తరగతివాడు ఆత్మకూరువాడు. తొమ్మిదవ తరగతివాడు ఉదయగిరివాడు. పెట్టె బాగున్నదని అందరును మెచ్చుకొనిరి. కాని అది పూర్తియగుటకు ముందు ఆ యిద్దరును మూడు వారములు ఒకరితో నొకరు మాటలాడలేదన్న సంగతి చూచినవారికి తెలియదు. ఆ సంగతి వ్రాయుటకు వారిరువురును సమ్మతించిరి. వారిని నిందించుటకై దీనిని వ్రాయుట లేదు. ఆ తగవులో మా తప్పును కొంత గలదు గనుక, దానివలన మేము నేర్చినది చెప్పుటకే వ్రాయుచున్నాము.

పెద్దలకు మొదట ఆ పెట్టె యెట్టిదో చెప్పవలెను. 1970వ దశాబ్దములో అమెరికాలోను, జపానులోను నాణెము వేసి ఆడుకొను విద్యుత్తు ఆటల పెట్టెలు అంగళ్లలోను, ఫలహారశాలలలోను వెలసెను. వానికి ఆర్కేడ్ క్యాబినెట్లని పేరు. బీరువావలె నిలువుగా నుండు కొయ్యపెట్టె; పైభాగమున తెర; నడుమ చేతిపిడియు బొత్తాములును గల బల్ల; లోపల యంత్రము. 1972లో అటారీ సంస్థవారి పాంగ్, 1978లో టైటో సంస్థవారి స్పేస్ ఇన్వేడర్స్, 1980లో నామ్కో సంస్థవారి పాక్-మ్యాన్ అను ఆటలు వీనిలో ప్రసిద్ధములు. ఆటలు ఇంటి కంప్యూటరులోనికిని, అటుపిమ్మట చేతిఫోనులోనికిని వచ్చిన తరువాత ఆ పెట్టెలు తగ్గిపోయెను గాని, వానిపై ప్రీతిగలవారు తగ్గలేదు. పాత ఆటలను క్రొత్త కంప్యూటరుపై నడుపు మేమ్ అను సాఫ్ట్‌వేరు 1997లో వెలువడినది. అరచేతిలో నిముడు రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు 2012లో అమ్మకమునకు వచ్చినది. అందువలన అనేక దేశములలో తీరికవేళలందు తమ యింటనే అట్టి పెట్టెను చేసికొనువారు పెరిగిరి. మా విద్యార్థులు చేసినదియు నట్టిదే. అందు నడచు రెండు చిన్న ఆటలను వారే కంప్యూటరు తరగతిలో వ్రాసికొనిరి.

ఆటపెట్టె చేయుటకు పాఠశాల ప్రోత్సాహమేల యని ఒక తండ్రిగారు మమ్మడిగిరి. ఆ పెట్టెతో వారు ఆడినది కొన్ని గంటలు. దానికై కొలిచినది, కోసినది, తీగలు కలిపినది, లెక్కలు వేసినది మూడు నెలలు. ఈ జవాబు వారికి తృప్తి కలిగించినదనియే తలచుచున్నాము.

ఇక తగవు. పెట్టెను 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో చేసిరి. కోత ముగిసెను, అతుకు ముగిసెను. అటుపిమ్మట పైకి ఏమి పూయవలెనను ప్రశ్న వచ్చెను. ఉదయగిరి బాలుడు కొయ్యను గరుకు కాగితముతో నునుపుచేసి, నూనె మాత్రము పట్టించి, కొయ్య చారలు కనబడునట్లు విడువవలెననెను. ఆత్మకూరు బాలుడు లప్పము పెట్టి, ప్రైమరు వేసి, నీలిరంగు పూసి, పక్కలందు బొమ్మలు వ్రాయవలెననెను. ఇద్దరును మొదట నవ్వుచునే మాటలాడిరి. తరువాత కంఠములు హెచ్చెను. చివరకు పెద్దవాడు, "గరిటెలు చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం తెలుస్తుంది?" అనెను. చిన్నవాడు, "బోర్డులు రాసేవాళ్లకు దేనికైనా రంగు పూయడమే తెలుసు, అన్నా" అనెను. అంతటితో మాటలు నిలిచిపోయెను.

ఆ రెండు మాటలు ఎందుకంత గాయము చేసెనో తెలియవలెనన్న వారి యిండ్ల సంగతి తెలియవలెను. ఉదయగిరి దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచెనని మన విద్యార్థులందరు చదివినదే. ఆ కొండ క్రింది ఊరు నేడు కొయ్య గరిటెలకు ప్రసిద్ధము. నర్ది, బిక్కి మొదలగు కొయ్యలను ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, గరిటెలు, చెంచాలు, ముళ్ల చెంచాలు చేయుదురు. పిడులపై సన్నని లతలు, జాలరిపని చెక్కుదురు. పెక్కిండ్లలో స్త్రీలే ఈ పని చేయుచున్నారు. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఐనను ఉక్కు గరిటెయు, ప్లాస్టిక్ చెంచాయు చౌకగా దొరకు కాలమున ఆ చేతులకు కూలి గిట్టుట సులభము కాదు. మా చిన్న విద్యార్థి తల్లి ఆ పనియే చేయును. పెద్దవాని తండ్రి ఆత్మకూరు బజారులో ఒకప్పుడు అంగళ్లకు పేరుపలకలు వ్రాసెడివాడు. ఫ్లెక్సీలు వచ్చిన పిదప ఒక దినమున యంత్రము అచ్చువేయు పనికి ఆయన కుంచె వారము దినములు పట్టునని జనులు ఆయనను పిలుచుట తగ్గించిరి. ఇప్పు డాయన గోడలకు సున్నము వేయుచున్నాడు. ఆ బాలు డొక్కొక్కడును తన పద్ధతిని సమర్థించుచు, నిజమునకు తన తల్లిని, తన తండ్రిని సమర్థించుచుండెను. మేమది గ్రహింపలేదు.

మే మేమి చేసితిమి? ప్రదర్శనమునకు దినములు తక్కువగా నుండుటచే, ఇరువురి మాటలు సగము విని, "రంగే వేయుడు, దూరమునకు బాగుగ కనబడును" అని తీర్పు చెప్పి వెడలిపోతిమి. చిన్నవాడు మరునాటినుండి పనిగదికి వచ్చుట మానెను. వాని యింటికి మేమొక ఆదివారము సాయంకాలము పోతిమి. వాని తల్లి వాకిటిలో కూర్చుండి గరిటె పిడిని అరగదీయుచు, చేతిపని ఆపకయే ఇట్లనెను: "పెట్టెకు రంగేస్తే వాడికేం బాధ లేదయ్యా. వాడు చెప్పేది ఎవరూ పూర్తిగా వినలేదు. గరిటెల పనేగా అన్నారంట, అదే గుచ్చుకుంది." మేము శిక్షణ కళాశాలలో బాల మనస్తత్వమును గూర్చి చదివి పరీక్షలు వ్రాసినవారమే. కాని ఆమె రెండు మాటలలో చెప్పినది మాకు ముందుగా తోచలేదు.

మరునాడు ఇద్దరిని పిలిచి మా తీర్పును వెనుకకు తీసికొంటిమి. పిమ్మట మిగిలిన ప్లైవుడ్డు ముక్కలు పండ్రెండింటిని వారి ముందుంచి, "వాదము ముక్కలపై చేయుడు" అంటిమి. మూడింటిని ఏమియు పూయక విడిచిరి. మూడింటికి అవిసెనూనె పట్టించిరి. మూడింటికి స్పిరిటులో కరగించిన లక్కను పూసిరి. మూడింటికి లప్పము, ప్రైమరు, రంగు క్రమముగా వేసిరి. అన్నియు బాగుగ ఆరువరకు విడిచి, నీళ్లు చల్లిరి, వేడి తేనీరు పోసిరి, జిడ్డుచేతులతో తాకిరి, మేకుతో గీచిరి.

ఫలము లిట్లుండెను. ఏమియు పూయనిది తేనీటి మరకను త్రాగివేసెను. నూనె పట్టించినదానిపై నీరు కొంతసేపు నిలిచినను తుడువగా పోయెను. మేకు గీత పడినచోట మరల కొంచెము నునుపుచేసి నూనె రుద్దగా గీత మాయమయ్యెను. లక్క పూసినది అన్నిటికంటె అందముగా మెరసెను గాని, నీరు నిలిచినచోట తెల్లని మచ్చ వచ్చెను. రంగు వేసినది నీటికిని తేనీటికిని చెక్కుచెదరలేదు; కాని గీత పడినచోట లోని కొయ్య బయటపడి, దానిని సరిచేయుటకు మొదటినుండి పని చేయవలసి వచ్చెను.

అంతేకాదు. ఒక్కొక్కడు తన యింటి విద్యకు గల హద్దును కూడ చూచెను. చిన్నవాడు ఇంటియందు గట్టికొయ్యను అరగదీయు బలముతోనే ప్లైవుడ్డును రుద్దగా, పైనున్న పలుచని పొర తెగి లోని వేరొక పొర బయటపడెను. గరిటెకొయ్య లోపలి దనుక నొకటే; ప్లైవుడ్డు పొరలు పొరలుగా అంటించినది. పెద్దవాడు పలక ముఖముపై పూసినట్లే అంచులపైనను పూయగా, అంచులు రంగును త్రాగివేసి గరుకుగా నిలిచెను. పొరల అంచులయందు కొయ్య నాళములు తెరచుకొని యుండును గనుక వానికి ముందుగా లప్పము దట్టముగా పట్టింపవలెనని వాని తండ్రియే తరువాత చెప్పెను. ఒక ప్రక్కనే రంగు వేసి మరుప్రక్క విడిచిన ముక్క యొకటి వంగిపోయెను. పూయని ప్రక్క గాలిలోని తేమను ఎక్కువగా పీల్చుటయు, విడుచుటయు దానికి కారణము. ఏ మెరుగైనను రెండు ప్రక్కలను సమానముగా పెట్టవలెనని ఇరువురును ఒప్పుకొనిరి. మూడు వారముల తరువాత వారు ఒప్పుకొనిన మొదటి సంగతి యిదియే.

ఈ పరీక్షవలన మేము గ్రహించినది విద్యార్థులకు చెప్పదలచితిమి. మెరుగును గూర్చిన వాదములో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి యుండును. ఏది నీటికి ఆగును, ఏది గీతకు ఆగును, ఏది చేతికి హాని చేయదు, అనునది యొక ప్రశ్న. దీనికి జవాబు ముక్కలపై దొరకును. కంఠము హెచ్చించుటవలన దొరకదు. ఏది అందముగా నున్నది, అనునది రెండవ ప్రశ్న. దీనికి ఏ పరీక్షయు లేదు. మొదటిదానిని అభిరుచియని తలచువాడు నష్టపడును. రెండవదానిని సత్యమని తలచువాడు స్నేహితులను పోగొట్టుకొనును.

మన తెలుగు దేశపు కొయ్యపనులనే చూడుడు. ఉదయగిరి గరిటె వేడి కూరలో మునుగును, నోటికి తగులును. కావున దానికి రంగు లేకుండుటయే తగినది; కొయ్య వన్నెయే దాని యందము. అనకాపల్లి జిల్లా వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుచున్నప్పుడే లక్కకడ్డీని అదుముదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు అంటుకొని మెరయును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చెట్ల బెరడులు, గింజలు మొదలగువానినుండి తీసిన రంగులను ఆ లక్కపనిలో మరల వాడుకలోనికి తెచ్చిన శ్రీ సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. కొండపల్లిలో తేలికయగు తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అవయవములు అతికి, సున్నపు పూత వేసి, దానిపై రంగులు తీర్తురు. ఆ మెత్తని కర్రను పూత లేక విడిచినయెడల బొమ్మకు కన్నులు, చీర అంచు ఎట్లు వచ్చును? కర్ర వేరు, పని వేరు, కనుక మెరుగు వేరు. ఉదయగిరివాడు కొండపల్లివానిని చూచి రంగుపిచ్చివాడనుటయు, కొండపల్లివాడు ఉదయగిరివానిని చూచి బీదపనివాడనుటయు రెండును అవివేకమే.

ఆర్కేడ్ పెట్టెలు చేయువారిలోను ఇట్టి వాదములు కలవు. పాత పెట్టె దొరకినప్పుడు మొదటి రంగునే, మొదటి బొమ్మలనే మరల వేయవలెనని కొందరందురు. పాక్-మ్యాన్ పెట్టె పక్కల బొమ్మలు అచ్చుపలకలతో రంగు చిమ్మి వేసినవి. వానిని ప్లాస్టిక్ అంటింపుతో మార్చుట పాతదానిని చెరపుటయే యని వారి వాదము. నా యింటిలో నా డబ్బుతో చేసికొనుదాని రంగును నిర్ణయించుట నా యిష్టమని మరికొంద రందురు. ఇరువురి మాటయందును న్యాయము గలదు. పాత వస్తువు ఒక్కటే మిగిలిన చోట మొదటివారి మాట బరువైనది. క్రొత్త పలకతో క్రొత్తగా చేసినచోట రెండవవారి మాట బరువైనది. ఏ పెట్టెను గూర్చి మాటలాడుచున్నామో ముందు అడిగి తెలిసికొనినచో సగము తగవులు పుట్టవు.

మర్యాద యనగా అన్ని యభిప్రాయములును సమానమని తలయూచుట కాదు. పిల్లలు ఆడు వస్తువునకు సీసము గల పాత రంగు డబ్బా తెచ్చి పూయుదు నన్నవానితో, "నీ యిష్టము" అనరాదు. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. మన దేశమున ఇంటి రంగులలో సీసము పది లక్షల భాగములలో 90 భాగములకు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అట్లే అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయువానిని వెంటనే ఆపవలెను. ఆ నూనె గాలిని పీల్చి ఆరునప్పుడు వేడి పుట్టి, గుడ్డ తనంతట తానే అంటుకొనవచ్చును. దానిని విప్పి ఆరుబయట పరచవలెను, లేదా నీటిలో ముంచవలెను. ఇట్టి చోట్ల మౌనము మర్యాద కాదు, నిర్లక్ష్యము. కాని చెప్పునప్పుడు "ఈ రంగు హాని" అనవలెను గాని, "నీవు మూఢుడవు" అనవలసిన పని లేదు. మాట కొయ్యపై నుండవలెను. చేసినవానిపైకి, వాని యింటిపైకి పోరాదు.

మాతోడి యుపాధ్యాయులలో గౌరవనీయులగు కొందరు ఈ విషయమున మాతో నేకీభవింపరు. పిల్లల వాదములను పెద్దలు ఒక్కమాటతో తీర్చవలెను, లేనిచో కాలము వ్యర్థమగును, వినయము తగ్గును, అని వారి మతము. కాలము పట్టుననుట నిజము. ఆ పండ్రెండు ముక్కలు మాకు మంచి దినములు కొన్ని తినివేసెను. ప్రదర్శనమునకు ముందు రాత్రి దనుక పనిగదిలో దీపము వెలుగుచునే యుండెను. కాని మేము ఒక్కమాటతో తీర్చినప్పుడు జరిగినదేమి? తీర్పు నిలిచినది, పిల్లవాడు పోయెను. పెద్దల మాటకు లోబడుట నేర్చిన పిల్లవాడు రేపు పెద్దలు లేనిచోట ఎట్లు వాదింపవలెనో ఎక్కడ నేర్చుకొనును? ఎదుటివాని మాటను పూర్తిగా విని, దానిని వాడే ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పి, అటుపిమ్మట "ఐనను నేను ఒప్పుకొనను, ఎందుకనగా" అని మొదలిడుట కూడ వినయమే. దానిని బడిలోనే నేర్పవలెనని మా నమ్మకము. తల్లిదండ్రులును ఇంటియందు బిడ్డ ఎదురు చెప్పినప్పుడు, మాట తీరును దిద్దుడు గాని మాటను మింగింపకుడని మా విన్నపము.

పెట్టె చివరకు ఏమయ్యెనని అడుగుదురు. ప్లైవుడ్డు కొనుటకు డబ్బు ఇచ్చినవాడు ఆత్మకూరు బాలుని మేనమామ. పెట్టె ఆయన యింటికే పోవలసినది. కావున రంగు సంగతి ఆయన యింటివారి ఇష్టమునకే విడువవలెనని చిన్నవాడు తానే చెప్పెను. నీలిరంగు వేసిరి. పక్కలందు ఉదయగిరి కొండ, దానిపై దుర్గపు గోడ బొమ్మగా వ్రాయబడెను. పెద్దవాని తండ్రి చాలకాలమునకు తన కుంచెలు కడిగి పాఠశాలకు వచ్చి, బాలురకు గీత పట్టుట చూపెను. రంగు వేయుటకు ముందు పలకలన్నిటిని నునుపుచేసినది మాత్రము చిన్నవాడు. ఆ నునుపు లేనిచో ఈ రంగు ఇట్లు నిలిచెడిది కాదని ఆ తండ్రి అందరి యెదుట చెప్పినప్పుడు, వాని ముఖము మేము చూచితిమి.

ఐనను చిన్నవాడు మనసు మార్చుకొనలేదు. రంగు కొయ్యను దాచివేసినదనియే నేటికిని అనును. పెద్దవాడు నవ్వి, "నువ్వు నీది చేసుకో, నేను వచ్చి తీగలు కలుపుతాను" అనును. వేసవి సెలవులలో వాడు ఉదయగిరి పోయి అట్లే చేయనున్నాడు. ఆ రెండవ పెట్టె చిన్నది, బల్లమీద నుంచునది, రంగు లేనిది, నూనె మాత్రము పట్టించునది. అది పూర్తియైన పిదప రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని మాకు కోరిక గలదు. ఏది బాగున్నదని మమ్మడిగినచో చెప్పుదుము. కాని ఈసారి వారిరువురు చెప్పునది పూర్తిగా విన్న తరువాతనే చెప్పుదుము.